తల వంచుకున్న అక్షరాలు

ఆ రోజుల్లో అక్షరాలకు కూడా ఇంటిపేర్లు ఉండేవని నేనంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. వాళ్ళకేం, ఫోన్ తెర మీద వేలితో ఇలా తోస్తే వంద రకాల ఫాంట్లు వచ్చి వరసలో నిలబడతాయి, నచ్చింది నొక్కుతారు, నచ్చకపోతే ఇంకోటి. నేను చెప్పేది ఇరవై ఏళ్ళ కిందటి నస్పూర్ ముచ్చట. కొత్త ఫాంట్ ఒకటి మా బొగ్గుబావుల ఊరికి రావాలంటే, ఎవరో ఒకరు కరీంనగర్‌లో దాన్ని సీడీలోకి ఎక్కించుకుని, ఆ సీడీని దస్తీలో చుట్టి, ఎండ తగలకుండా ఒళ్ళో పెట్టుకుని బస్సులో తేవాలి. (ఒకసారి నేనే తెచ్చాను. తెచ్చాననుకున్నాను. నిద్రమత్తులో పక్కావిడ టిఫిన్ డబ్బా పట్టుకుని దిగి, సీడీని సీట్లోనే వదిలేశాను. ఆ అక్షరాలు ఆసిఫాబాద్ దాకా పోయి ఏమయ్యాయో, ఆవిడ మధ్యాహ్నం ఏం తిన్నదో, ఇప్పటికీ తెలియదు.)

నాకు అప్పుడు ఇరవై ఏళ్ళు. డిగ్రీలో ఒక సబ్జెక్టు మొండికేసి కూర్చుంటే, ఖాళీగా ఉండటం ఎందుకని కరీంనగర్‌లో పిన్ని ఇంట్లో ఉండి మూడు నెలలు డీటీపీ, అంటే కంప్యూటర్‌లో కార్డులూ పుస్తకాలూ కూర్చే పని, నేర్చుకున్నాను. "అక్షరాలు దిద్దుడు ఒకటో తరగతిలనే అయిపాయె గద బిడ్డా, మళ్ల గీ మూడు నెలలేంది?" అన్నాడు బాపు, అంటే మా నాన్న. ఆయన బావిలో పనిచేసే మనిషి, ఏ పనైనా భూమి లోపలికి దిగి చేస్తేనే పని అనుకునేవాడు. అక్కడ మా సారు ఒక లావుపాటి పుస్తకం ముందు పెట్టుకుని, ప్రపంచంలోని అక్షరాలన్నిటినీ జాతులుగా ఎలా విడదీయాలో చెప్పేవారు. గీతల కొసన చిన్న పాదాలున్నవి, పాదాలు లేనివి, వృత్తలేఖినితో గీసినట్టున్నవి, చేతిరాత ఊపిరి తెలిసేవి, ఉత్త అలంకారానికి పుట్టినవి. "పేరు చూడకండి, రూపం చూడండి" అనేవారు. ఆ మాట నాకు మంత్రంలా ఎక్కింది. (పాదాలున్నవీ లేనివీ అన్న లెక్క తెలుగుకు ఎలా కుదురుతుందని మాత్రం అడగలేదు. మన అక్షరాలకు కాళ్ళెక్కడివి, అన్నీ బాసింపట్టు వేసుకుని కూర్చున్నవే కదా.)

తిరిగొచ్చాక బ్రష్ కాక దుకాణంలో చేరాను. కాక అంటే మా దిక్కు బాబాయి. సొంత కాక కాదు, బాపుకు దోస్తు. జీవితమంతా గోడల మీదా బోర్డుల మీదా రాసీ రాసీ, మోకాళ్ళు నిచ్చెన ఎక్కనివ్వని వయసుకి ఒక కంప్యూటరూ ప్రింటరూ కొనుక్కుని నస్పూర్ రోడ్డు మీద డీటీపీ దుకాణం పెట్టాడు. కాక కంప్యూటర్‌లో ఫాంట్లు ఎలా సర్ది ఉన్నాయో మొదటిరోజు చూసి నాకు కళ్ళు తిరిగాయి. ఫోల్డర్ల పేర్లు ఇవి: పెండ్లి, దినాలు, లీడర్లు, సర్కారు, బడి, దేవుడు, కిరాణం. "దినాలు" అంటే చనిపోయినవాళ్ళ పెద్దకర్మ కార్డులకు వాడే అక్షరాలు. ఇదేం పద్ధతి కాకా అంటే, దినాలు ఒక్కటి విడిచిపెట్టి, ఒక్కోదాన్నీ తెర మీదికి పిలిచి పరిచయం చేశాడు. "గిది సూడు, కడుపు ముందటికేసుకొని నిలవడ్డది. లీడరు. ఫ్లెక్సీకి తప్ప ముట్టకు. గిది బక్కగ, నిక్కి నిక్కి సూస్తుంది, ట్యూషన్ సారు. గిది ఎవలు పలకరించినా నవ్వది, సర్కారుది." నేను ముక్కు మీద వేలేసుకుని, "ఇందులో శాస్త్రం లేదు కాకా" అన్నాను. "శాస్త్రం అయ్యగారి దగ్గర ఉంటది బిడ్డా. మన దగ్గర గిరాకి ఉంటది" అన్నాడు. ఇంకో కట్టుబాటు కూడా పెట్టాడు. "పెండ్లి గాని పిల్లవు, కర్మ కార్డుల జోలికి రాకు. అవి నేను కొట్టుకుంట." అందుకని దినాల కార్డు వచ్చినప్పుడల్లా నన్ను లేపి టీ తాగి రమ్మని పంపేవాడు. మా ఊళ్ళో చావులు ఎక్కువైన వారం నాకు టీలు కూడా ఎక్కువయ్యేవి.

ఆ పాత లెక్కను చూస్తూ ఊరుకోవడం నావల్ల కాలేదు. బామ్మర్ది కొత్త ఇంటి గృహప్రవేశానికని కాక నిర్మల్ వెళ్ళి వారం ఉండిపోయాడు. ఆ వారం నాకు ఇప్పటికీ కలలాగే గుర్తుంది. మధ్యాహ్నాలు రోడ్డంతా సద్దుమణిగేది. దూరంగా బావి కూత వినిపించి ఆగిపోయేది. తలుపు సందులోంచి వచ్చిన ఎండలో బొగ్గుపొడి మెల్లగా తేలుతూ ఉండేది, ఫ్యాను దాన్ని అటు నుంచి ఇటు తిప్పేది. నేను ఒక్కో అక్షరాన్ని తెర నిండేంత పెద్దది చేసి చూసేదాన్ని. అంత పెద్దదయ్యాక 'మ' ఇంక 'మ'లా ఉండదు, ఎవరూ తిరగని ఒక చోటులా ఉంటుంది. 'య' ఒంపు పట్టుకుని పోతూ పోతూ ఎక్కడికో వెళ్ళిపోయేదాన్ని. ఎవరో వచ్చి "జిరాక్స్" అంటే గాని మేలుకునేదాన్ని కాదు. ఒకాయన రేషన్ కార్డు చేతికిస్తే "ఎంత గుండ్రంగా ఉందో!" అని పైకే అనేశాను. ఆయన కార్డు వెనక్కి లాక్కుని అటూ ఇటూ తిప్పి చూసుకుని, ఇంకో దుకాణానికి వెళ్ళిపోయాడు.

అలా అన్ని ఫోల్డర్లలోని అక్షరాలనూ ఒకచోట కుప్పపోసి, ఏది ఎక్కడి నుంచి వచ్చిందో చూడకూడదని నాకు నేనే ఒట్టు పెట్టుకుని, రూపం ఒక్కటే చూస్తూ కొత్త జాతులు కట్టాను. గీత అంతా ఒకే మందం ఉన్నవి ఒక ఫోల్డర్. సన్నం లావు కలిసినవి ఇంకోటి. వృత్తలేఖినివి, అలంకారాలవి, చేతిరాతవి విడివిడిగా. లీడరూ దేవుడూ ఒకే గదిలో పడ్డారు, ఇద్దరికీ ఒళ్ళు ఒకటే మరి. చివరికి చేతిరాతల్లో ఒక ఫాంట్ దగ్గర నా మనసు ఆగిపోయింది. ఎంత మెత్తగా ఉందో! ప్రతి అక్షరానికీ తలకట్టు కొంచెం కిందికి వాలి ఉంది. పెళ్ళిపీటల మీద తల వంచుకుని కూర్చున్న పిల్లలా అనిపించింది. ఇంత అందమైనదాన్ని కాక ఎక్కడ దాచిపెట్టాడబ్బా అనుకున్నాను. (అది దినాల ఫోల్డర్‌లోది. నేను ఆ ఊరి పిల్లనే అయినా ఎందుకు పోల్చుకోలేదంటే, మా దిక్కు కర్మ కార్డు పిల్లల చేతికివ్వరు. పెద్దవాళ్ళు గడప బయట నిలబడి చదివి, ఒక కొస చింపి, బయటే పడేస్తారు.)

సరిగ్గా అప్పుడే మా అక్క పెళ్ళి కార్డు వేయాల్సి వచ్చింది. అక్కకు అంతకు ముందు సంవత్సరం ఒక సంబంధం ఖాయమై తప్పిపోయింది. వాళ్ళు పూలూ పండ్లూ తీసుకుని వచ్చినరోజే మా వాడలో ఎవరో పోయారు. అపశకునం అన్నారు, పండ్ల గంపలు దించకుండానే వెనక్కి తిరిగారు. ఆ తరువాత అక్క అద్దం ముందు నిలబడటం మానేసింది. ఏడాదికి ఇచ్చోడ నుంచి ఈ సంబంధం వచ్చింది. పిల్లవాడు అక్కకు నచ్చాడు. నచ్చాడని నోటితో చెప్పలేదు గానీ దువ్వెన మళ్ళీ కనిపించసాగింది. ఇప్పుడు ఏ చిన్న అనుమానం వచ్చినా ఇచ్చోడవాళ్ళు కూడా వెనక్కి పోతారేమోనని ఇంట్లో అందరం తుమ్మడానికి కూడా భయపడుతున్నాం. అలాంటి పెళ్ళికి కార్డు నేనే వేస్తానని పట్టుబట్టాను. కొత్త రకంగా ఉండాలని గణపతి బొమ్మ తీసేశాను, బంగారు రంగు తీసేశాను, తెల్లటి కార్డు మీద ముదురు రంగులో ఆ తల వంచుకున్న అక్షరాలు పరిచాను. మంచిర్యాల ప్రెస్సు నుంచి కట్టలు దుకాణానికి వచ్చినప్పుడు ఒక్కదాన్నే కూర్చుని ఎంతసేపు చూసుకున్నానో. నా జీవితంలో అంత అందమైన పని మళ్ళీ చేయలేదు, ఒట్టు.

ఇచ్చోడకు బస్సు వేళవుతోందని మేనమామ వచ్చి వంద కార్డుల కట్ట పట్టుకుని వెళ్ళిపోయాడు. మొదటి షిఫ్టు దిగి వస్తూ బాపు దుకాణం దగ్గర ఆగి, పసుపు పెట్టేదాకా కూడా ఆగలేక, సరిగా చూడనైనా చూడకుండా, పది కార్డులు కవర్లలో వేసుకుని క్వార్టర్ల వైపు బయలుదేరాడు. ఆయన మొహమంతా బొగ్గు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆ మొహంతోనే ఒక్కో గడపలో కవరు పెట్టి, "తప్పకుంట రావాలె" అని చెప్పి ఇంకో గడపకు పోయాడట. గని క్యాంటీన్‌లో వండే ఒకావిడ ఉండేది, మేము క్యాంటీన్ అత్త అనేవాళ్ళం. ఆవిడ కవరు తెరిచి, కార్డును చూసి (చూసింది, చదవలేదు), కొస చింపి బయట పడేసి, కొప్పు విప్పుకుని, పక్క ఇళ్ళలో ఇద్దరిని కూడగట్టుకుని మా ఇంటికి బయలుదేరింది.

మా ఇంటి గడపలో మా బాపమ్మ, అంటే బాపు వాళ్ళమ్మ, కాళ్ళు చాపుకుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నేను అప్పుడే దుకాణం మూసి వచ్చి పక్కన కూర్చున్నాను. ముగ్గురు ఆడవాళ్ళు వీధి మలుపు నుంచే శోకాలు పెడుతూ రావడం చూసి బాపమ్మ చిక్కుళ్ళు పక్కకు తోసేసింది. వాళ్ళింట్లో ఎవరో పోయారనుకుంది. అడిగి ఏడవడం మర్యాద కాదు కదా, ముందు ఏడ్చి తరువాత అడగాలి. వాళ్ళ మెడ చుట్టూ చేతులేసి తానూ రాగం అందుకుంది. నలుగురూ కలిసి బాగా ఏడ్చాక, ముక్కు చీదుకుంటూ అడిగింది. "ఎవలు పోయిండ్రే బిడ్డా?"

క్యాంటీన్ అత్త తల పైకెత్తి చూసింది. నోరు తెరిచింది. "ఓయవ్వో! నువ్వే గదనే!" అంది.

"నేనా? నేనెన్నడు పోయిన్నే?" అంది బాపమ్మ, కొంచెం ఆసక్తిగానే. క్యాంటీన్ అత్త తన వెంట వచ్చినావిడ చేతిలోని కార్డు లాగి చూపించింది. నేను గబగబా అందుకుని, "అత్తా, ఇది అక్క పెండ్లి కార్డే, సదువుండ్రి!" అని అరిచాను. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "గిసొంటి కార్డు సూసినంక సదివేదేముంటది పోరీ" అంది అత్త. ఇంతలో బాపమ్మ నా చేతిలోంచి కార్డు తీసుకుంది. ఆవిడకు అక్షరం ముక్క రాదు. వేలు పెట్టి ఒక్కో వరసా మెల్లగా తడిమింది. "గిది నా ముసలోని కార్డు" అంది. "ఆయన దినాలప్పుడు గీ కార్డుల కట్ట ఒళ్లె పెట్టుకొని కూసున్న గద. గివే అక్షరాలు." ఊళ్ళో పదేళ్ళుగా పోయిన ప్రతి మనిషి పేరూ కాక ఆ అక్షరాలతోనే వేశాడు. చదువు రానివాళ్ళకు కూడా ఆ మొహం బాగా తెలుసు.

తలుపు చాటు నుంచి అక్క అంతా విన్నది. తిట్టి ఉంటే బాగుండేది. నా దగ్గరికి వచ్చి, చిన్న గొంతుతో, "మళ్ల తప్పిపోతదానే?" అని మాత్రం అడిగింది. ఇచ్చోడ కట్ట అప్పటికే బస్సెక్కి పోయింది. ఫోన్ చేసి ముందే చెప్పేద్దామా అంది అవ్వ, అంటే మా అమ్మ. "చెప్తె లేని అనుమానం మనమే పుట్టిచ్చినట్టయితది. సప్పుడు జేయకుండ్రి" అన్నాడు బాపు. ఆయన ఆ రోజు మొహం కూడా కడుక్కోలేదు.

సాయంత్రానికి కాక నిర్మల్ నుంచి దిగాడు. ముచ్చట బస్టాండ్లోనే చెవిన పడిందట, నేరుగా దుకాణానికి వచ్చాడు. "జల్ది నస్పూరోళ్లకు వేరే కార్డు కొడదాం పా" అని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. కూర్చుని కళ్ళద్దాలు తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు. "బిడ్డా, పెండ్లి యాడున్నది?"

"సన్నం-లావుల ఉంది కాకా."

"గదేం ఊరు?" అన్నాడు. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. నేనే వెతికి ఇచ్చాను. కొత్త కార్డు కొట్టాక కాక మిగతా ఫోల్డర్లు తిప్పుతూ తిప్పుతూ ఆ చేతిరాత ఫాంట్ దగ్గర ఆగాడు. "ఇది తల వంచుకున్నది బిడ్డా. ఎందుకు వంచుకున్నదో మనకెట్ల ఎర్క? సిగ్గుకు వంచుకున్నదని నువ్వనుకున్నవ్, దుఃఖానికని నేననుకున్న" అన్నాడు. ఆ తరువాత ఎన్నో పుస్తకాలు చదివాను గానీ, అక్షరాల జాతుల గురించి అంతకన్నా మంచి మాట ఎక్కడా దొరకలేదు.

మరునాడు పొద్దున్నే బాపు ఫోన్ మోగింది. ఇచ్చోడ మామ, అంటే పెళ్ళికొడుకు తండ్రి. ఆయన గొంతు పొలం అవతలి మనిషిని పిలిచేంత పెద్దది, ఫోన్ చెవికి పెట్టుకున్నది బాపే అయినా ఇల్లంతా వినిపించింది. "బావా, కార్డులు ముట్టినయి" అన్నాడు. బాపు ఊ అన్నాడు. "ఒక్క మాట అడుగుత, ఏమనుకోవద్దు." అక్క గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. "గీ అక్షరాలు ఎవలు పెట్టిండ్రు?" బాపు నా వైపు చూశాడు. "మా చిన్న పోరి బావా… చిన్న పిల్ల, తెల్వక…"

"గా పోరిని జర మా దిక్కు తోలియ్యరాదు! మా అన్న బిడ్డ పెండ్లి ఉన్నది, కార్డు అచ్చం గిట్లనే కావాలె అంటుండ్రు ఇంటిల్లిపాది. ఎంత నిమ్మళమున్నదో! మా దిక్కు పెండ్లి కార్డులల్ల అక్షరాలు కొట్లాటకొచ్చినట్టుంటయి బావా."

ఫోన్ పెట్టేశాక మొదట నవ్వింది అక్కే. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది, ఏడుస్తూ నన్ను వీపు మీద ఒక్కటి చరిచింది. నిన్నటి నుంచి బాకీ పడ్డ దెబ్బ అది. పెళ్ళి నిమ్మళంగా జరిగింది. నస్పూర్ చుట్టాలు బంగారు అక్షరాల కార్డుతో, ఇచ్చోడ చుట్టాలు తల వంచుకున్న అక్షరాల కార్డుతో వచ్చి ఒకే పందిట్లో కూర్చున్నారు. క్యాంటీన్ అత్త మాత్రం పెళ్ళివారి చేతుల్లో కార్డు కనిపించినప్పుడల్లా కొంగు అడ్డం పెట్టుకుంది. కాక తన పాత ఫోల్డర్లన్నీ నా చేతే తిరిగి కట్టించాడు. కొత్తగా ఒకటి చేర్చమని, పేరు కూడా తనే చెప్పాడు: "నస్పూర్‌కు దినాలు, ఇచ్చోడకు పెండ్లి". ఆ పైన చాలారోజులు పెద్ద సందేహంలో ఉండిపోయాడు. "గీ రెంటికి నడుమ హద్దు యాడ పెట్టాలె బిడ్డా? ఉట్నూర్ కాడనా, గుడిహత్నూర్ కాడనా?"

పంచకుండా మిగిలిపోయిన కార్డులను పొయ్యిలో పెట్టమంది అవ్వ. బాపమ్మ ఒకటి తీసుకుని నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "సదువు" అంది. నేను చదివాను. ముహూర్తం, వధూవరుల పేర్లు, విందు, అన్నీ. మళ్ళీ చదవమంది. కళ్ళు మూసుకుని విన్నది. "మీ తాత అక్షరాలల్ల పెండ్లి ముచ్చట. మంచిగున్నది" అంది. నా చెయ్యి పట్టుకుంది. "నేను పోయిన్నాడు నా కార్డు నువ్వే కొట్టు. పెండ్లి అక్షరాలతోని కొట్టు. సూసినోళ్లు ముందుగాల నవ్వాలె. సదివినంక ఎట్లా ఏడుస్తరు గద, గా ఫికర్ లేదు." నేను పకపకా నవ్వి, సరే అన్నాను. ఆ వయసులో దేనికైనా సరే అనడం ఎంత తేలికో.

బాపమ్మ ఆ తరువాత తొమ్మిదేళ్ళు బతికింది. అప్పటికి నేను కరీంనగర్‌లో కొత్త తెలుగు ఫాంట్లు తయారుచేసే ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. ఇప్పటికీ అదే పని. కొత్త అక్షరం పుట్టగానే దానికి ఒక జాతి, ఒక స్వభావం రాసిపెడతాను. వేడుక, గంభీరం, సరదా, సంప్రదాయం. నేను రాసిన ముక్కను బట్టే జనం దాన్ని వెతుక్కుంటారు. బాపమ్మ కార్డు వేయడానికి కూర్చున్నరోజు, 'వేడుక'లోంచి ఒక మంచి ఫాంట్ తీసి ఆవిడ పేరు కొట్టాను. తెర మీద ఆ పేరు చూస్తే నవ్వొచ్చింది, నిజంగా. ఆవిడ కోరిందీ అదే. కానీ చుట్టాలేమంటారు? కొడుకుగా బాపు మొహం ఎక్కడ పెట్టుకుంటాడు? ఇన్నేళ్ళు ఇదే పని చేసినదానికి ఏ కార్డుకు ఏ అక్షరం వేయాలో తెలియదా అంటారేమో. ఒక్క నిమిషం ఆలోచించాను, అంతే. మొత్తం ఎంచుకుని 'గంభీరం' నొక్కాను. కార్డు చాలా పద్ధతిగా వచ్చింది. దాన్ని గురించి ఎవరూ ఒక్క మాట కూడా అనలేదు. గడప బయట నిలబడి చదివారు, కొస చింపారు, పడేశారు.

ఇప్పుడు అప్పుడప్పుడు మధ్యాహ్నం పూట, ఆఫీసులో అందరూ భోజనానికి పోయాక, ఒక అక్షరాన్ని తెర నిండా పెద్దది చేసి ఊరికే చూస్తూ కూర్చుంటాను. అప్పుడు నస్పూర్ దుకాణంలోని ఆ ఇరవై ఏళ్ళ పిల్ల గుర్తొస్తుంది. ఎంత తెలివితక్కువదో, ఎంత ధీమానో! ఎవరినీ అడగదు, ఎవరేమంటారో దానికి తట్టదు. తలుచుకుంటే నవ్వొస్తుంది. దానికి ఏ అక్షరం ఎక్కడ వేయాలో తెలియదు, నిజమే. కానీ బాపమ్మ కార్డు ఆ పిల్ల చేతికి ఇచ్చి ఉంటే, ఆడుతూ పాడుతూ పెళ్ళి అక్షరాలే వేసి ఉండేది.